‘క్వాంటమ్ తప్పంట కదా సార్!’ అని పిల్లలు అడిగితే



పోయిన టర్ములో పుంగనూరు బ్రాంచికి క్లాసు తీసుకోవడానికి వెళ్లాను. ఇంటర్వెల్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చి, “సార్, క్వాంటమ్ ఫిజిక్స్ అంతా తప్పంట కదా?” అన్నాడు. ఎవరు చెప్పార్రా అంటే, వాళ్ల నాన్న ఫోన్‌కు వచ్చిన వీడియో గురించి చెప్పాడు. ఎక్కడో విదేశంలో ఒకాయన సొంత షెడ్డులో ల్యాబ్ పెట్టుకుని, పెద్ద పెద్ద యూనివర్సిటీలు దాచిపెట్టిన నిజాన్ని ఒంటరిగా బయటపెట్టాడట.

నిజం చెప్పాలంటే నేను మొదట అన్న మాట, “అది నీ సిలబస్‌లో లేదు, పోయి చదువుకో”. వాడు కదల్లేదు. “కానీ సార్, ఆయన మీటర్‌లో కనబడుతోంది కదా?” అన్నాడు.

దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్నగారు, “సార్, వీడు ఎప్పుడూ ఇవే చూస్తున్నాడు, మీరన్నా గట్టిగా చెప్పండి” అన్నారు. ఆయనకు చెప్పలేకపోయిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి వీడియో మీ ఇంటికీ వచ్చే ఉంటుంది, లేదంటే రేపు వస్తుంది. 2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ క్వాంటమ్ సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మన అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అన్నారు. అప్పటి నుంచి ఆ మాట పేపర్లో ఉంది, కోర్సుల ప్రకటనల్లో ఉంది, మెడలో వేసుకునే లాకెట్ల ప్రకటనల్లోనూ ఉంది.

వీడియోలో ఏముంది?

వెలుతురు చిన్న చిన్న మూటలుగా వస్తుందని, ఒక్కో మూటను ఫోటాన్ అంటారని ఇంటర్ రెండో సంవత్సరంలో మీ పిల్లలు చదువుతారు. ఒక ఫోటాన్ దారిలో సగం వెలుతురును వదిలి, సగాన్ని తిప్పికొట్టే అద్దం పెట్టి, రెండు వైపులా రెండు డిటెక్టర్లు పెడితే ఏం జరగాలి? ఒక ఫోటాన్‌కు ఒక డిటెక్టరే మోగాలి. ఒకే మూట కాబట్టి అటో ఇటో తేలాలి. 1986లో ఫ్రాన్స్‌లో గ్రాంజియే, రోజే, ఆస్పే అనే ముగ్గురు ఒక్కొక్కటిగా వచ్చే ఫోటాన్లతో ఈ ప్రయోగం చేశారు. రెండూ ఒకేసారి మోగడం దాదాపు లేనంత తక్కువగా కనిపించింది.

వీడియోలో పెద్దమనిషి ఇలాంటి ప్రయోగమే ఎక్స్‌రేల కంటే శక్తి ఎక్కువున్న గామా కిరణాలతో చేశానంటాడు. రెండు డిటెక్టర్లూ కలిసి మోగాయి కాబట్టి ఫోటాన్ అనేదే లేదంటాడు.

ఆయన మోసగాడని నేను అనను. మీటర్ మోగి ఉంటుంది. ఎందుకు మోగిందన్నదే ప్రశ్న. గామా కిరణం మొదటి డిటెక్టర్‌ను తాకి, కొంత శక్తి అక్కడ వదిలి, మిగతాదానితో పక్కకు చెదిరి రెండోదాన్ని తాకవచ్చు. అప్పుడు రెండూ మోగుతాయి. ఆయన వాడిన పదార్థం ఒకేసారి రెండు కిరణాలను వదిలేది కావచ్చు. ఆకాశం నుంచి ఎప్పుడూ కురిసే కాస్మిక్ కిరణం రెండింటిలోంచీ దూసుకుపోవచ్చు. వైర్లలో కరెంటు గోల కావచ్చు. వీటిలో ప్రతిదాన్నీ విడివిడిగా లెక్కగట్టి తీసేసిన తర్వాత కూడా ఏదైనా మిగిలితే, అప్పుడు అది కబురు. అంతవరకు అది మోగిన మీటర్ మాత్రమే.

మదనపల్లె యార్డులో టమాటా బాక్సు పై వరుస చూసి ఎవరూ ధర కట్టరు. చెయ్యి అడుగుదాకా పెట్టి చూస్తారు. పొట్టిగా ఉన్న ప్రతి ఆవునూ పుంగనూరు ఆవని కొనేసేవాళ్లు మన ఊళ్లలో ఉండరు. అమ్మేవాడి మీద కోపంతో అలా చూడం. కొనేటప్పుడు చూడాల్సిన పద్ధతి అది. సైన్సులో అనుమానం కూడా అంతే.

ఎదిరించినవాళ్లను తొక్కేశారా?

వీడియోలు చెప్పే కథలో ఒక దుర్మార్గుడు ఉంటాడు. పెద్ద శాస్త్రవేత్తలంతా ఒక గుంపు అని, కొత్త మాట చెప్పినవాడి నోరు నొక్కుతారని అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ఆ నిజం మన మదనపల్లెకు దగ్గర సంబంధం ఉన్నదే.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మీకు తెలుసు. రిషివ్యాలీ స్కూలు ఆయన పేరుతోనే గుర్తొస్తుంది. ఆయనతో 1961 నుంచి ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చుని చర్చించిన ఒక భౌతికశాస్త్రవేత్త ఉన్నారు. పేరు డేవిడ్ బోమ్. ఇంగ్లండ్‌లో కృష్ణమూర్తి పెట్టిన బ్రాక్‌వుడ్ పార్క్ స్కూలుకు ఆయన ట్రస్టీగా కూడా ఉన్నారు.

ఈ బోమ్ 1952లో రెండు వ్యాసాలు రాసి, క్వాంటమ్ సిద్ధాంతానికి అందరూ చెప్పుకునే అర్థమే ఏకైక అర్థం కానక్కర లేదన్నారు. కొలిచేదాకా కణానికి ఫలానా చోటంటూ ఉండదని అప్పటి పెద్దలు చెప్పేవారు. బోమ్ మాత్రం, కణం ఎప్పుడూ ఒక చోట ఉంటుంది, దాన్ని ఒక అల నడిపిస్తుంది అన్నారు. చాలామంది పట్టించుకోలేదు. ఆ అన్యాయం నిజమే.

కానీ బోమ్ చేసిన పని గమనించండి. అంతవరకు సరిగ్గా వచ్చిన ఏ లెక్కనూ ఆయన కొట్టిపారేయలేదు. తన పద్ధతిలోనూ ఆ జవాబులే వస్తాయని అడుగడుగునా చూపించారు. ఆ వ్యాసాలు చదివిన ఐర్లండ్ కుర్రవాడు జాన్ బెల్ ఆలోచనలో పడ్డాడు. 1964లో ఆయనొక పరీక్ష కనిపెట్టాడు.

మీకు తెలిసిన భాషలో చెబుతాను. ఇద్దరు పిల్లలను వేర్వేరు పరీక్ష హాళ్లలో కూర్చోబెట్టాం. ముందే మాట్లాడుకుని జేబులో ఒకే రకం చీటీలు పెట్టుకున్నారు. ఎవరికి ఏ ప్రశ్న వస్తుందో మాత్రం వాళ్లకు తెలియదు. ఎంత తెలివిగా చీటీలు రాసుకున్నా, వాళ్ల జవాబుల కలయికకు ఒక హద్దు ఉంటుంది. ఒకే చోటు నుంచి రెండు వైపులకు వెళ్లే జంట ఫోటాన్లకూ అలాంటి హద్దే ఉంటుందని, క్వాంటమ్ సిద్ధాంతం నిజమైతే ఆ హద్దు దాటాలని బెల్ చూపించాడు. దాంతో వాదన ల్యాబ్‌లోకి వచ్చింది.

ల్యాబ్‌లో మొదట దిగిన జాన్ క్లాజర్ క్వాంటమ్ ఓడిపోతుందని ఆశపడినవాడు. వీడియోలో పెద్దమనిషి లాంటి కోరికే. 1972లో బర్క్లీలో స్టూవర్ట్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి ప్రయోగం చేశాడు. క్వాంటమ్ గెలిచింది. తన ఆశకు ఎదురుగా వచ్చిన ఫలితాన్ని ఉన్నది ఉన్నట్టు ప్రకటించాడు.

అసలు కథ ఆ తర్వాతిది. హార్వర్డ్‌లో రిచర్డ్ హోల్ట్, ఫ్రాన్సిస్ పిప్కిన్ అదే పరీక్షను వేరే పదార్థంతో చేశారు. 1973 నాటికి వాళ్లకు వచ్చిన ఫలితం క్వాంటమ్‌కు విరుద్ధంగా ఉంది! హార్వర్డ్ పేరు వెనక ఉంది. కావాలంటే పత్రికల వాళ్లను పిలిచి చాటింపు వేయవచ్చు. వాళ్లు వేయలేదు. పొరపాటు ఎక్కడుందోనని వెతికారు. తెలిసినవాళ్లకు పంపి చూడమన్నారు. క్లాజర్ తానే ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి 1976లో ప్రకటించాడు. ఫలితం క్వాంటమ్ వైపే వచ్చింది. అదే ఏడాది టెక్సస్‌లో మరో జట్టుకూ అదే వచ్చింది. హార్వర్డ్ పరికరంలో గాజు మీద పడిన ఒత్తిడి వల్ల వెలుతురు కొద్దిగా మారి ఉంటుందని తర్వాత అనుకున్నారు.

1982లో ఫ్రాన్స్‌లో అలాన్ ఆస్పే ఇంకా గట్టి పరీక్ష పెట్టాడు. 2022లో ఆస్పే, క్లాజర్, ఆస్ట్రియాకు చెందిన ఆంటన్ జైలింగర్ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇక బోమ్ సిద్ధాంతం? అది ఈ పరీక్షలో ఓడిపోలేదు. దూరంగా ఉన్న కణాల మధ్య కూడా సంబంధం ఉంటుందని అది ముందే ఒప్పుకుంది కాబట్టి ఇప్పటికీ చర్చలో నిలిచి ఉంది.

అంటే ఎదిరించినవాళ్ల వల్ల క్వాంటమ్ సిద్ధాంతం బలపడింది. తొలి పరీక్ష పెట్టి ఓడినవాడికే నోబెల్ వచ్చింది. ఎందుకంటే ఆయన ప్రయోగాన్ని ఎవరైనా మళ్లీ చేసి చూడగలిగారు.

కుప్పం పక్కన గనిలో

కుప్పంలో బెంగళూరు వైపు రైలెక్కితే బంగారుపేట వస్తుంది. అక్కడి నుంచి మారికుప్పం లైను కోలార్ బంగారు గనుల్లోకి వెళుతుంది. ఆ గనుల్లో దిగి పనిచేసినవాళ్లలో మన చిత్తూరు జిల్లావాళ్లు ఎందరో. కుప్పం తల్లిదండ్రుల్లో కొందరి తాతలు కూడా ఆ షాఫ్టుల్లో దిగి ఉంటారు.

బంగారంతో పాటు ఆ గనుల్లో శాస్త్రం కూడా దొరికింది. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను 1965లో ప్రపంచంలో మొదటగా గుర్తించిన చోట్లలో అదొకటి. టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్ ఒసాకా, ఇంగ్లండ్ డరమ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని అది.

1980లో అదే గనిలో, 2 కిలోమీటర్లకు పైగా లోతులో, 140 టన్నుల ఇనుముతో ఒక డిటెక్టర్ పెట్టారు. ప్రోటాన్ ఎప్పటికైనా విరిగిపోతుందా అని చూడటానికి. అప్పటికి నిలబడి ఉన్న కణ సిద్ధాంతం ప్రకారం అది విరగదు. కొత్త సిద్ధాంతాలు మాత్రం విరగవచ్చన్నాయి. కొద్ది కాలానికే ఆ జట్టుకు ప్రోటాన్ విరిగినట్టు అనిపించే గుర్తులు కొన్ని దొరికాయి. నిజమైతే ప్రపంచంలోనే పెద్ద కబురు, అదీ మన పక్క ఊళ్లో!

వాళ్లేం చేశారు? దొరికినవాటిని ‘విరిగి ఉండవచ్చు’ అనిపించే సంఘటనలుగానే ప్రకటించారు. ఇంకో పెద్ద డిటెక్టర్ కట్టారు. అమెరికాలో ఒహాయో ఉప్పు గనిలో, జపాన్‌లో కామియోకా గనిలో వేల టన్నుల నీటితో పెట్టిన డిటెక్టర్లు అలాంటిది చూడలేదు. న్యూట్రినోలు ఢీకొన్నా అలాంటి గుర్తులే కనబడతాయి కాబట్టి, అవి ప్రోటాన్ గుర్తులని నిలబడలేదు. ఈ రోజుకీ ప్రోటాన్ విరగడం ఎవరూ చూడలేదు.

కోలార్‌వాళ్లను ఎవరూ మోసగాళ్లనలేదు. ప్రపంచం సందేహించింది, వాళ్లూ తమను తాము సందేహించుకున్నారు. వాళ్ల పేరు ఇప్పటికీ గౌరవంగానే చెప్పుకుంటారు. షెడ్డులో పెద్దమనిషిని మనం అడగాల్సింది కూడా ఇదే. డిగ్రీ ఉందా లేదా అని కాదు. మీ ఫలితాన్ని పడగొట్టడానికి మీరే ఎంత ప్రయత్నించారు? వేరేవాళ్ల చేతిలోనూ అదే వచ్చిందా?

బియ్యం లాగే చెంబు

“మా అబ్బాయి ఫోటాన్‌ను నమ్మితే ఏమి, నమ్మకపోతే ఏమి?” అని మీరనవచ్చు. నిజమే, ఫోటాన్ మన ఇంటి ఖర్చు పెంచదు, తగ్గించదు.

కానీ ‘రైస్ పుల్లింగ్’ చెంబు సంగతి మన జిల్లాలో వినని ఇల్లు లేదు. పిడుగు పడ్డ రాగి పాత్ర అంటారు, ఇరిడియం అంటారు, విదేశాల్లో కోట్లు పలుకుతుందంటారు. టేబుల్ మీద చెంబు పెట్టి పక్కన బియ్యం పోస్తారు. గింజలు నిజంగానే కదులుతాయి. ఎవరో తెల్లకోటు వేసుకుని ‘టెస్టింగ్’ అంటూ మీటర్ చూపిస్తారు. టెస్టింగ్ ఖర్చు అని లక్షలు పట్టుకుని మాయమవుతారు. మోసపోయినవాళ్లలో చదువుకున్నవాళ్లు, ఉద్యోగులు, వ్యాపారులు కూడా ఉన్నారు.

వాళ్లంతా తమ కళ్లతో ‘ప్రయోగం’ చూసినవాళ్లే. అయితే చెంబు వాడిది, బియ్యం వాడివి, మీటర్ వాడిది, గది కూడా వాడిదే. మన ఇంటి బియ్యం తెచ్చి పోస్తామంటే వాడు ఒప్పుకునేవాడా? ఇనుప పొడి పట్టించిన గింజలకు అయస్కాంతం చాలు, పిడుగు అక్కర్లేదు.

షెడ్డు పెద్దమనిషినీ చెంబు దొంగనూ నేను ఒకే గాటన కట్టడం లేదు. మొదటివాడు నిజాయితీగా పొరబడి ఉండవచ్చు. రెండోవాడు దొంగ. కానీ చూసే మనం ఇద్దరి దగ్గరా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. తొమ్మిదో తరగతిలో ఫోటాన్ విషయంలో ఆ ప్రశ్న వేయడం నేర్చుకున్నవాడు నలభయ్యో ఏట చెంబు ముందు కూడా వేస్తాడు. ‘సిలబస్‌లో లేదు’ అని నోరు మూయించిన పిల్లవాడికి ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

మన తప్పు కూడా ఉంది

ఇది రాయడం కొంచెం ఇబ్బందే. అయినా రాస్తాను.

నేను ఇంటర్ చదివేటప్పుడు సింపుల్ పెండ్యులం ప్రయోగంలో గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.4 మీటర్లు వచ్చింది. రావాల్సింది 9.8. సీనియర్ ఒకాయన నవ్వి, “రబ్బరు ఉంది కదరా” అన్నాడు. చెరిపేసి 9.79 రాశాను. ఇరవై మార్కులకు పంతొమ్మిది వచ్చాయి. దారం పొడవు కొలిచేటప్పుడు గుండు మధ్య వరకు కాకుండా పైఅంచు వరకే కొలిచానని ఆ రోజు నాకు తెలియలేదు. తెలుసుకునే అవకాశాన్ని రబ్బరు తినేసింది.

నిజం చెప్పండి, మన పిల్లల రికార్డులు వేరేగా నిండుతున్నాయా? ఐఐటీ ఫౌండేషన్, వీక్లీ టెస్టు, స్టడీ అవర్ల మధ్య ల్యాబ్ పీరియడ్ ఎప్పుడు మింగుడుపడిందో ఎవరికీ తెలియదు. బోర్డు మీద ఉన్న రీడింగులు చూసి రాసుకోవడం చాలా చోట్ల మామూలైపోయింది. మన స్కూళ్లలో అది అసలే లేదని నేను చెప్పలేను.

వీడియోలకు పిల్లలు పడిపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. సొంత చేతిలో రీడింగ్ తప్పు రావడం ఎప్పుడూ చూడని పిల్లవాడికి, మీటర్ అబద్ధం చెప్పగలదన్న ఆలోచనే రాదు. పుస్తకంలో ఉంది కాబట్టి ఫోటాన్‌ను నమ్మాడు. స్క్రీన్ మీద ఉంది కాబట్టి ఫోటాన్ లేదని నమ్మాడు. రెండుసార్లూ వాడు పరీక్షించింది ఏమీ లేదు. ఒక నమ్మకం పోయి ఇంకోటి వచ్చింది, అంతే.

ర్యాంకులు వద్దని నేను అనడం లేదు. మీరు కష్టపడి ఫీజు కడుతున్నారు, ర్యాంకు అడిగే హక్కు మీకుంది. జేఈఈలో అడిగేది లెక్కే గానీ ప్రయోగం కాదన్నదీ నిజమే. కానీ నెలకు రెండు గంటలు నిజంగా ల్యాబ్‌లో గడిపినందుకు ర్యాంకు పోగొట్టుకున్న పిల్లవాడిని నా సర్వీసులో నేను చూడలేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది

ఇలాంటి వీడియో చూపించి మీ బిడ్డ అడిగితే తిట్టకండి, ఆశ్చర్యపోకండి. పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. మీకు ఫిజిక్స్ రానక్కర్లేదు.

1. ఈయన కాకుండా ఇంకెవరైనా, ఈయన వస్తువులు వాడకుండా, ఇదే చేసి చూశారా?
2. మీటర్ కదలడానికి వేరే కారణాలు ఏముండవచ్చు? ఈయన వాటిని కొలిచి తీసేశాడా?
3. తాను తప్పయితే ఎలా తెలుస్తుందో ఈయన ముందే చెప్పాడా?

తర్వాత ఒక చిన్న పని. అంగళ్లో దొరికే ఎర్ర లేజర్ లైటు తీసుకోండి. దాన్ని ఎవరి కళ్లలోకీ కొట్టకూడదు, అద్దం మీద వేయకూడదు. రాత్రి చీకటి గదిలో, గోడకు 2 మీటర్ల దూరంలో, లేజర్ ముందు ఒక తలవెంట్రుక నిలువుగా అంటించండి. గోడ మీద ఒక్క చుక్కకు బదులు, పక్కపక్కనే వెలుగు మచ్చల వరుస కనబడుతుంది. వెలుతురు అలలా నడుస్తుందనడానికి మీ గోడే సాక్షి. మధ్య మచ్చ చుట్టుపక్కల వదిలేసి, వరుసగా వచ్చే చీకటి చారల మధ్య దూరం స్కేలుతో కొలవమనండి. సుమారు 2 సెంటీమీటర్లు ఉండవచ్చు. ఎర్ర లేజర్ అల పొడవు దాదాపు 650 నానోమీటర్లు. దాన్ని గోడ దూరంతో గుణించి, చారల దూరంతో భాగిస్తే వెంట్రుక మందం వస్తుంది.

అమ్మ వెంట్రుకకు ఒకటి, నాన్న వెంట్రుకకు ఒకటి, మళ్లీ కొలిస్తే ఇంకొకటి వస్తుంది. ఏదీ చెరపనివ్వకండి. అన్నీ రాయమనండి. ఎందుకు తేడా వచ్చిందో వాడినే చెప్పమనండి. వాడు నేర్చుకోవాల్సిన ఫిజిక్స్ ఆ తేడాలోనే ఉంది.

పుంగనూరు అబ్బాయితో ఈ పనే చేయించాను. మూడోసారి కొలిచాక వాడు, “సార్, ఆ వీడియోలో ఆయన ఎన్నిసార్లు కొలిచాడో చెప్పలేదు” అన్నాడు. నేను చెప్పకుండానే అన్నాడు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మార్కుల షీటుతో పాటు ప్రాక్టికల్ రికార్డ్ కూడా అడిగి చూడండి. అన్ని పేజీల్లోనూ పుస్తకంలో ఉన్న జవాబే వచ్చి ఉంటే నన్ను పిలిచి ఎందుకని అడగండి. సమాధానం చెప్పాల్సిన బాధ్యత నాదే.

— భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, మదనపల్లె బ్రాంచి